చింతచెట్టు కింద మెంతికూర

ముప్పై ఒక్క ఏళ్ళు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినదాన్ని. రిటైరైన ఏడాది కార్తీకంలో, మార్కాపురంలోని మా ఇంటి పెరట్లో రెండు మడులు కట్టి మెంతులు చల్లాను. ఒకటి బావి గట్టు పక్కన, రెండోది చింతచెట్టు కింద. తడి నిలుస్తుందని రెండో మడి మీద రాలిన చింతాకు, కంచె వెంబడి ఉన్న జామాయిల్ ఆకు కలిపి పల్చగా పరిచాను. వారం తిరిగేసరికి బావి పక్క మడి పచ్చగా తేలింది. చింత కింద మడిలో లెక్కపెడితే ఇరవై మొలకలు కూడా లేవు. ఉన్నవీ పాలిపోయి, వడిలిపోయి ఉన్నాయి.

మా అత్తయ్యకు అప్పటికి ఎనభై నాలుగేళ్ళు. వసారాలో మంచం మీది నుంచే చూసింది. "చింతకింద మెంతులు చల్లావా? పిల్లలకి కూడా ఇదే చెప్పావా అమ్మాయ్, ఇన్నేళ్ళూ?" అంది.

నేను పిల్లలకు చెప్పింది వేరు. ఒక మొక్క వదిలే రసాయనాలు పక్క మొక్క మీద పనిచేయడాన్ని అల్లెలోపతి అంటారని ఏటా బోర్డు మీద రాసేదాన్ని. రెండు మార్కుల ప్రశ్న. పిల్లలు బట్టీ పట్టేవారు, నేను టిక్కు పెట్టేదాన్ని. ఆ రెండు మార్కుల ప్రశ్న ఇప్పుడు నా పెరట్లోనే ఎదురైంది. జవాబు ఇంత తేలిక కాదని తెలుసుకోవడానికి నాకు ఒక శీతాకాలమంతా పట్టింది.

మన కోసం పుట్టని మందు

మొక్క పారిపోలేదు. మేక నోరు పెట్టినా, పురుగు పట్టినా, పక్కన మొలిచిన కలుపు నీళ్ళు తాగేస్తున్నా ఉన్నచోటే ఉండి తట్టుకోవాలి. అందుకే చేదు, వగరు, ఘాటు తయారుచేసుకుంటుంది. మనం వేపలో చేదు, కరక్కాయలో వగరు, జామాయిల్‌లో ఘాటు చూసి 'మందు మొక్క' అని పేరు పెట్టుకున్నాం. ఆ రసాయనాలు మన దగ్గు కోసమో జ్వరం కోసమో పుట్టినవి కావు. పురుగును, బూజును, మేసే జంతువును, ఒక్కోసారి పొరుగు మొక్కను అదుపులో పెట్టడానికి పుట్టినవి. మనం కొద్ది మోతాదులో వాటిని అరువు తెచ్చుకుంటున్నాం, అంతే.

పొరుగు మొక్కను అవి నాలుగు దారుల్లో చేరతాయి. వాన పడ్డప్పుడు ఆకుల మీది నుంచి కడుక్కుని కారతాయి. వేళ్ళ నుంచి నేరుగా మట్టిలోకి ఊరతాయి. రాలిన ఆకు కుళ్ళినప్పుడు విడుదలవుతాయి. జామాయిల్ లాంటి నూనె మొక్కల్లో ఆవిరిగా కూడా బయటపడతాయి. పక్క మొక్క గింజ మొలకెత్తకపోవచ్చు, మొలిచినా వేరు సాగకపోవచ్చు. సాధారణంగా ముందు దెబ్బతినేది వేరే.

మలేరియాకు ఇచ్చే ఆర్టెమిసినిన్‌నే చూడండి. వినాయక చవితి పత్రిలో వాడే మాచిపత్రికి దగ్గరి చుట్టమైన ఒక చైనా మొక్క నుంచి దాన్ని 1970లలో వేరుచేశారు. ఆ పనికే తూ యూయూ గారికి 2015లో నోబెల్ వచ్చింది. అదే ఆర్టెమిసినిన్ ఇతర మొక్కల ఎదుగుదలను ఆపుతుందని 1987లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మరి తయారుచేసే మొక్కకు ఏమీ కాదా? ఆ మందును అది ఒంట్లో కలవనివ్వదు, ఆకు మీది సన్నటి గ్రంథుల్లో విడిగా దాచుకుంటుంది. ఇంట్లో పిల్లలకు అందకుండా పురుగుమందు డబ్బాను అటక మీద పెట్టినట్టు.

'తులసివనంలో గంజాయి మొక్క' అంటాం. నీతి సంగతి ఎలా ఉన్నా, భూతద్దం కింద పెడితే ఆ రెండిటి తీరూ ఒకటే. రెండూ ఘాటును ఆకు మీది గ్రంథుల నూగులోనే దాచుకుంటాయి. తులసిలో ఉండే యూజినాల్ లవంగంలో మరీ ఎక్కువ. పంటి నొప్పికి మనం లవంగం పెట్టుకుంటే, కొన్ని దేశాల్లో అదే లవంగ నూనెను సేంద్రియ కలుపుమందుగా చల్లుతున్నారు.

శనగా, పల్లేరూ

ఈ అనుమానం పాతదే. దాదాపు 2,300 ఏళ్ళ కిందట గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్, శనగ పంట కలుపును చంపుతుందని, అన్నిటికంటే ముందు పల్లేరును చంపుతుందని రాశాడు. శనగ, పల్లేరు రెండూ మా ప్రాంతపు చేలల్లో ఉన్నవే. పల్లేరుకాయ మూత్రవ్యాధులకు మందు. శనగాకు పులుపూ మందే. చలికాలం తెల్లవారుజామున శనగచేలో నడిచి చూడండి, కాళ్ళకు అంటే తడి నాలుకకు పుల్లగా తగులుతుంది. ఆకుల మీది నూగు నుంచి ఊరే మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాల పులుపు అది. వెనకటి వైద్యులు రాత్రి చేను మీద గుడ్డ పరిచి, మంచుకు తడిశాక పొద్దున్నే పిండి, ఆ పులుపును అజీర్తికి ఇచ్చేవారు.

అయితే థియోఫ్రాస్టస్ మాటను మా ఊరి శనగ రైతుకు చెబితే నవ్వుతాడు. మొదటి నెల, నెలన్నర కలుపు తీయకపోతే చేను దక్కదని అతనికి తెలుసు. చూసిన మనిషి పెద్దవాడైనంత మాత్రాన చూసిందానికి చెప్పిన కారణం సరైనది కానక్కరలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, నాకు తర్వాత అవసరమైంది.

అల్లెలోపతి అనే పేరు పెట్టింది ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు హాన్స్ మోలిష్, 1937లో. గ్రీకులో 'పరస్పరం', 'బాధ' అనే రెండు మాటలు కలిపి చేసిన పేరు. ఆయన పుస్తకంలో ప్రయోగాలు ఎక్కువగా పండిన పండ్లు వదిలే ఎథిలీన్ వాయువు మీదే. మామిడికాయల కావులో ఒక పండు పెడితే మిగతావి తొందరగా మాగుతాయే, ఆ వాయువే. అంటే ఆయన దృష్టిలో ఈ మాటకు చెడు చేయడమొక్కటే అర్థం కాదు. ఒక మొక్క ఇంకోదాని మీద చూపే రసాయన ప్రభావం ఏదైనా సరే, అల్లెలోపతే.

దూలగొండి కథ

సరిగ్గా అదే 1937లో మద్రాసు విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు దూలగొండి గింజల నుంచి ఎల్-డోపా అనే పదార్థాన్ని వేరుచేశారు. దూలగొండి అంటే చెప్పేదేముంది, చిన్నప్పుడు బడిలో ఎవరి చొక్కాలోనో వేసి తన్నులు తినని పిల్లలు పల్లెల్లో తక్కువ. ఆయుర్వేదంలో అది కపికచ్ఛువు, నరాల బలానికి, వీర్యపుష్టికి పేరున్న మందు. గింజ బరువులో వందకు నాలుగైదు వంతులు ఎల్-డోపాయే ఉంటుంది. ముప్పై ఏళ్ళ తర్వాత, 1960లలో, చేతులు వణికే పార్కిన్సన్ జబ్బుకు అదే ప్రధాన ఔషధమైంది. ఈనాటికీ న్యూరాలజిస్టులు రాసే మాత్రల్లో ఉంటున్నది అదే.

దురద నూగు లేని దూలగొండి రకాన్ని ఎన్నో దేశాల్లో నేలకు పచ్చిరొట్టగా వేస్తారు. అది పాకిన చోట కలుపు లేవదని రైతులు గమనించారు. పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్‌లో మొండి దర్భగడ్డిని అణచడానికే దాన్ని వేసుకున్నారు. తీగ దట్టంగా అల్లుకుని వెలుతురు తగలనివ్వదు కాబట్టి అందులో వింతేముంది అనుకోవచ్చు. జపాన్‌కు చెందిన యోషిహరు ఫుజీ మాత్రం నీడతో సరిపెట్టుకోలేదు. దూలగొండి ఆకుల్లో, వేళ్ళలో కూడా ఎల్-డోపా పుష్కలంగా ఉందని, అది వెడల్పాకు కలుపు మొక్కల వేళ్ళను కుంచింపజేస్తుందని 1990ల మొదట్లో చూపించారు. గడ్డిజాతి మీద దాని పని తక్కువ. అందుకే మొక్కజొన్నకు పెద్ద బాధ లేదు. మరి దర్భ కూడా గడ్డే కదా? దాన్ని అణచడంలో తీగ నీడదే పెద్ద చేయి అని నా లెక్క.

కథలో ఇంకో మలుపు ఉంది. ఎల్-డోపా మట్టిలో ఎక్కువసేపు నిలవదు. కోసిన వంకాయ ముక్క గాలికి నల్లబడినట్టే అదీ రూపు మారి నల్లబడుతుంది. కొన్ని నేలల్లో మట్టి రేణువులే దాన్ని పట్టేసి పనికిరాకుండా చేస్తాయి. ఒకే మందు ఒక నేలలో పనిచేస్తుంది, ఇంకో నేలలో చేయదు.

అయిదు స్టీలు గిన్నెలు

ఫుజీ బృందం కనిపెట్టిన పరీక్ష ఒకటుంది. పేరు శాండ్‌విచ్ పద్ధతి. అగర్ అనే జిగురు పొర మధ్య చిటికెడు ఎండాకు పెట్టి, పైన లెట్యూస్ గింజలు వేసి, మూడు రోజులు చీకట్లో ఉంచి, వేరు ఎంత సాగిందో కొలుస్తారు. ఈ పద్ధతిలో 239 జాతుల మందు మొక్కలను వరసబెట్టి పరీక్షించి 2003లో ఫలితాలు అచ్చువేశారు. చింతాకునూ ఆయన, తోటి పరిశోధకులు వదల్లేదు. దాని సారానికి చాలా మొక్కల వేళ్ళు కురచబడ్డాయి.

మా ఇంట్లో అగర్ లేదు. స్టీలు గిన్నెలు, పాత పంచె గుడ్డ, మెంతులు ఉన్నాయి. పది గ్రాముల ఎండాకు వంద మిల్లీలీటర్ల నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి వడకట్టాను. మడతపెట్టిన గుడ్డ మీద గిన్నెకు పాతిక మెంతులు. ఒకదానికి మామూలు నీళ్ళు, ఒకదానికి తులసి, ఒకదానికి చింత, ఒకదానికి జామాయిల్. నాలుగో రోజు పొద్దున చూస్తే నీళ్ళ గిన్నెలో 24 మొలకలు, తులసిలో 19, చింతలో 11, జామాయిల్‌లో 5. జామాయిల్ గిన్నెలో మొలిచిన వాటి వేరు కొసలు గోధుమ రంగుకు తిరిగి, అగ్గిపుల్ల మందు కాలినట్టు ఉన్నాయి.

"చూశావా అత్తయ్యా, చింతాకే" అన్నాను గెలిచినట్టు. ఆమె గిన్నెలోకి తొంగిచూసి, చిటికెన వేలు ముంచి నాలుకకు రాసుకుంది. "ఇంత పులుపులో నీ మెంతులేంటి, నేనైనా చస్తాను" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. చింతాకు నీళ్ళ పులుపే మొలకలను చంపి ఉండొచ్చు కదా? కాలేజీ రోజుల నాటి పీహెచ్ కాగితాలు వెతికి, అంతే పులుపు ఉండేలా నిమ్మరసం నీళ్ళు కలిపి అయిదో గిన్నె పెట్టాను. పాతికకు 15 మొలిచాయి. అంటే చింతాకు చేసిన నష్టంలో పెద్ద వాటా పులుపుదే. మిగిలిన కొద్ది తేడాకే వేరే కారణం వెతకాలి. తర్వాత అవే ఆకు నీళ్ళను పదింతలు పల్చన చేశాను. చింతలో 23, జామాయిల్‌లో 20 మొలిచాయి. ఈసారి చిక్కటి నీళ్ళనే గుడ్డ మీద కాకుండా కుండీ మట్టిలో పోశాను. రెండు కుండీల్లోనూ పాతికకు ఇరవైకి పైనే వచ్చాయి. మట్టి కొంత పట్టేసింది, మట్టిలోని సూక్ష్మజీవులు కొంత తినేసి ఉంటాయి.

గుడ్డ మీద చచ్చింది మట్టిలో బతికింది. మరి నా మడిలో మెంతులను చంపిందెవరు?

కాలిఫోర్నియా కుందేళ్ళు

ఇలాంటి చిక్కే నాకంటే ఎంతో పెద్దవాళ్ళకు వచ్చింది. కాలిఫోర్నియా కొండల మీద సేజ్ అనే పొద పెరుగుతుంది. తులసి కుటుంబమే, మంచి వాసన. దాని చుట్టూ మీటరు, రెండు మీటర్ల మేర గడ్డి మొలవకుండా నేల బోసిగా ఉంటుంది. విమానంలోంచి తీసిన ఫోటోల్లో పొదల చుట్టూ గీత గీసినట్టు కనిపించేది. సీ.హెచ్. ముల్లర్, ఆయన సహచరులు 1964లో 'సైన్స్' పత్రికలో దీనికి కారణం చెప్పారు. ఆ ఆకుల నుంచి లేచే ఆవిరిలో కర్పూరం, జామాయిల్ నూనెలో ఉండే సినియోల్ ఉన్నాయి, అవే గడ్డి గింజలను అణుస్తున్నాయి అన్నారు. ప్రయోగశాలలో చూపించారు కూడా. అల్లెలోపతికి అంతకంటే చక్కటి ఉదాహరణ లేదని పాఠ్యపుస్తకాలు ఎత్తుకున్నాయి. నేనూ పాఠంలో చెప్పాను.

1970లో అదే పత్రికలో బార్తొలోమ్యూ అనే పరిశోధకుడు ఇంకో మాట రాశాడు. ఆయన చేసిందల్లా ఆ బోసి నేల మీద ఇనుప వల గూళ్ళు పెట్టడమే. గూటి లోపల గడ్డి మొలిచింది, బయట మొలవలేదు. ఘాటు ఆవిరి వలకు ఆగదు, ఆగింది ఎలుకలు, కుందేళ్ళు, పిట్టలు. పొద చాటున గద్దకు కనపడకుండా దాక్కునే ఆ ప్రాణులు, పొదకు దూరం పోవడానికి భయపడి, చుట్టూ మీటరు, రెండు మీటర్లలో ఉన్న గింజా మొలకా ఊడ్చిపెడుతున్నాయి. ముల్లర్ చూసిన ఆవిరి అబద్ధం కాదు, గిన్నెలో దాని పనీ అబద్ధం కాదు. కొండ మీది బోసి నేలకు మాత్రం దాన్నొక్కదాన్నే బాధ్యురాలిని చేయడం తప్పయింది.

గంప కింద మెంతికూర

ఆ వ్యాసం సంగతి గుర్తొచ్చిన రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి అటక మీది రెండు కోళ్ళ గంపలు దింపాను. చింత కింద మూడు చదరాలు గీసి, ఒక్కోదానిలో వంద మెంతులు చల్లాను. మొదటిదాని మీద ఆకు ఊడ్చేసి బయలుగా వదిలాను. రెండోదానిలో ఆకు ఊడ్చేసి గంప బోర్లించాను. మూడోదానిలో చింతాకు, జామాయిల్ ఆకు అలాగే ఉంచి గంప బోర్లించాను. మూడింటికీ ఒకే కొలత నీళ్ళు.

పదో రోజు లెక్క ఇది. బయలు చదరంలో 14, ఆకు లేని గంప కింద 71, ఆకు ఉన్న గంప కింద 48. ఆకు వల్ల నష్టం ఉంది, కాదనను. అంతకు మించిన నష్టం బయట తిరుగుతున్నదాని వల్ల. గంప కూడా నీడే కదా, తడిని అదీ నిలిపింది కదా అని మీరు వంక పెట్టొచ్చు. నా విద్యార్థి ఎవరైనా ఆ ప్రశ్న వేసి ఉంటే పూర్తి మార్కులు ఇచ్చేదాన్ని. ఆ 71 మొలకలూ తర్వాత పొడవుగా, సన్నగా సాగి ఒరిగిపోయాయి. చెట్టు నీడ, పైపైనే అల్లుకున్న చింత వేళ్ళు తాగేసిన తడి వాటిని బలపడనివ్వలేదు. గిన్నె ముందు కూర్చుని చింతాకునే తప్పుపట్టిన నాకు వెలుతురు, నీళ్ళు అనే మొదటి పాఠాలే గుర్తురాలేదు.

లెక్క చెబితే అత్తయ్య ఆశ్చర్యపోలేదు. "పక్కింటోళ్ళ కోళ్ళు రోజూ పొద్దున్నే ఆ ఆకుల్లోనే గదా కెలికేది. నన్నడిగితే చెప్పేదాన్ని. నువ్వు గిన్నెలు పట్టుకుని తిరుగుతుంటివి" అంది.

ఇంతకీ మనకేం పని

ఈ గుణం రైతుకు పనికొచ్చే చోట్లు ఉన్నాయి. 1950ల మధ్యలో పుణెలో కనిపించి దేశమంతా పాకిన వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి, పార్థెనిన్ అనే విషంతో పక్క మొక్కలను అణుస్తుంది, మనుషుల ఒంటికి దద్దుర్లు తెస్తుంది. దానికి పోటీగా బంజర్లలో, రోడ్ల పక్కన తొలకరికి ముందు తగిరిస గింజలు చల్లమని కలుపు శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. తగిరిస అంటే తామరకు ఆకు నూరి రాసుకునే మొక్కే. తామర మచ్చలను అణిచేది కాబట్టి సంస్కృతంలో చక్రమర్దం అన్నారు. గుంపుగా లేచి వెలుతురు లాక్కోవడం దాని మొదటి బలం, ఒంట్లోని రసాయనాలు రెండో బలం.

ఈ గుణం ఎదురు తిరిగే చోట్లూ ఉన్నాయి. చైనాలో జిన్‌సెంగ్ జాతి దుంపలు పండించిన నేలలో ఏళ్ళ తరబడి మళ్ళీ అదే పంట వేయరు. వేస్తే మొక్కలు కుళ్ళి చస్తాయి. నేలలో పేరుకున్న శిలీంధ్రాలు ఒక కారణం, దుంప తానే వదిలిన జిన్‌సెనోసైడ్లు ఇంకో కారణం. వాటి కోసమే లోకం ఆ దుంపను కొనేది. ఎకరాలకు ఎకరాలు ఒకే మందు మొక్క వేయాలనుకునేవాళ్ళు పంట మార్పిడి సంగతి ముందే ఆలోచించుకోవాలి.

పెరటి మనిషిగా నేను నేర్చుకున్నది ఇంతే. పచ్చి జామాయిల్ ఆకును, తులసి కత్తిరింపులను నారుమడి మీద, చిన్న గింజలు చల్లిన చోట కప్పొద్దు. గోతిలో వేసి మట్టి కలిపి బాగా కుళ్ళనిస్తే ఆ ఘాటు చాలావరకు పోతుంది, ఆకు ఎరువవుతుంది. ఎదిగిన చెట్ల పాదుల్లో అయితే అదే ఆకు కలుపును కొంత ఆపుతుంది.

మీ పెరట్లో ఏ చెట్టు కిందైనా మొక్క రావడం లేదంటే, ఆ చెట్టుది విషగాలి అని కొట్టించేయకండి. రెండు గిన్నెలు, గుప్పెడు మెంతులు, ఒక కోళ్ళ గంప తీసుకోండి. పది రోజుల పని, పది రూపాయల ఖర్చు. అంతకంటే ముందు, పొద్దుటి పూట వసారాలో మంచం మీద కూర్చుని పెరడంతా చూస్తుండే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళను ఒక మాట అడగండి.